వెనక బ్రేకు

మామిడి తోటల్లో సైకిలంటే కావలివాడు అన్నం క్యారేజీ తగిలించుకుని వెళ్ళే బండి. దానికి బ్రేకులున్నాయా లేదా అని ఎవడూ చూడడు. కాలు నేలకి ఆనిస్తే అదే ఆగుతుంది. అలాంటి చోట వినోద్ అనేవాడు ఒక సైకిలు బ్రేకుల కోసం ఎండాకాలమంతా కాయకోతల్లో ఒళ్ళు హూనం చేసుకున్నాడంటే జనం నవ్వక ఏం చేస్తారు? కడుపుబ్బా నవ్వారు. వాళ్ళమ్మ అచ్చమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టింది. "దానికి ఇంజనా పాడా! తొక్కేదానికి ఇంత సింగారం దేనికిరా? నీకేమన్నా పిచ్చా?" అంది.

సింగారం కాదని చెప్పి చెప్పి వాడికి విసుగొచ్చింది. అది కొండ దిగే సైకిలు. ఎక్కడానికి పనికిరాదు, ఊళ్ళో తిరగడానికి అంతకన్నా పనికిరాదు. కొండ నెత్తిమీదికి తోసుకుంటూ, మోసుకుంటూ తీసుకెళ్ళి, అక్కణ్ణించి రాళ్ళ మీదుగా, గోతుల మీదుగా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కిందికి రావడం, అంతే దాని పని. "దిగటానికి ఇంత గొడవెందుకురా, నడిచి దిగొచ్చుగా?" అని వాళ్ళ నాన్న బుచ్చయ్య అడిగాడొకసారి. దిగుతున్నంతసేపు తను ఎవరి తోటలో కావలివాడి కొడుకో వినోద్‌కి గుర్తుండదు. అది చాలు వాడికి.

ఈ పిచ్చి అంటించినవాడు సుభాష్. బుచ్చయ్య కాపలా కాసే తోట హనుమయ్యగారిది, ఆయన కొడుకే సుభాష్. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారని ల్యాప్‌టాపు ఒక చేత్తో, ఈ వింత సైకిలు ఒక చేత్తో దిగాడు. ఒక్కడే కొండకి వెళ్ళాలంటే భయం. చిన్నప్పుడు కలిసి ఈత కొట్టినవాడు కదా అని వినోద్‌ని పిలిచాడు. మైలవరం అవతల ఎర్రగరప కొండ ఒకటుంది, అక్కడికి ఆదివారం ఆదివారం పోయేవాళ్ళు. కొత్త బండి కొనుక్కున్నాక సుభాష్ తన పాతది వినోద్‌కి ఇచ్చేశాడు. ఊరికే ఇచ్చాడు, తిరిగి ఏమీ ఆశించలేదు. ఆ మాట దాచకూడదు. ఇంటి దగ్గర, పెద్దవాళ్ళ ముందు "సుభాష్ బాబూ" అనేవాడు వినోద్. కొండ మీద "ఒరేయ్" అంటే "ఏంట్రా" అని పలికేవాడు సుభాష్. అంత చనువు.

ఆ పాత బండికి వైరుతో లాగే బ్రేకులుండేవి. కొండ సగం దిగేసరికి వేళ్ళు చచ్చుబడిపోయేవి. వినోద్ హనుమాన్ జంక్షన్‌లో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపులో పని చేస్తాడు. అక్కడి జీతం ఇంటికే సరి. కోతల్లో చేసిన కూలితో బండికి ఏదో ఒక్కటే మార్చగలడు. కుదుపులు మింగే ముందు ఫోర్కు మార్చాలా, బ్రేకులు మార్చాలా?

"ఫోర్కు మార్చరా, గోతులు తెలియవు," అన్నాడు సుభాష్.

"గోతులు తెలిస్తే తెలిసినాయిలే. ఆపగలనని ధైర్యం ఉంటేగా నేను బండిని వదిలేది?"

"నిజమేరా," అన్నాడు సుభాష్. ఇక ఇద్దరూ హనుమయ్యగారి కాయల షెడ్డులో కూర్చుని ఫోనులో తలలు దూర్చారు. పిస్టన్లు రెండున్నవా, నాలుగున్నవా? నాలుగున్నవే, మన కొండకి రెండు చాలవు. ప్యాడ్లు పట్టుకునే ఆ ఇనప పళ్ళెం, డిస్కు, ఎంత పెద్దది? ముందు చక్రానికి దొరికినంత పెద్దది, వెనక దానికి ఒక సైజు తక్కువ. షాపులో దొరికే బ్రేకు ఆయిలు పోసేద్దామన్నాడు వినోద్. "చంపేస్తావురా బాబూ! దీనికి మినరల్ ఆయిలే పొయ్యాలి. మోటారు సైకిలుది పోస్తే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి," అని గద్దించాడు సుభాష్. ప్యాడ్ల దగ్గర మాత్రం వినోద్ పట్టుబట్టాడు. సుభాష్ చెప్పిన మెత్తవి పెట్టగానే పట్టేస్తాయి, కానీ పొడుగు దిగుడులో వేడెక్కి చేతులెత్తేస్తాయి. లోహపువి మొదట్లో సతాయిస్తాయి, నాలుగురోజులు తొక్కి అరగదియ్యాలి, ఆ తర్వాత ఎంత వేడినైనా తట్టుకుంటాయి. లోహపువే కావాలన్నాడు.

పార్సిలు వచ్చిన రోజు ఇద్దరూ కలిసే బిగించారు. గొట్టంలో గాలి లేకుండా సిరంజితో ఆయిలు ఎక్కిస్తుంటే సుభాష్ లివరు నొక్కి పట్టుకున్నాడు. చక్రం తిప్పి చూద్దామని వినోద్ వేలు డిస్కు మీద పెట్టబోతే సుభాష్ టక్కున చేతి మీద కొట్టాడు. "ముట్టుకోకురా! చేతి జిడ్డు చాలు, ప్యాడ్లు పాడైపోవడానికి. దీనికి నూనె చుక్క తగిలిందా, ఇక అంతే సంగతులు." వినోద్ నవ్వి, స్పిరిట్‌తో తుడిచాడు. ఆ తర్వాత వారాల తరబడి తొక్కి, ఆపి, తొక్కి, ఆపి ప్యాడ్లని లొంగదీశాడు. ఒక్క వేలు ఆనిస్తే చాలు, బండి చెప్పినచోట ఆగేది.

అప్పుడు మొదలైంది అసలు వేగం. ఆపగలనన్న ధైర్యం వచ్చేసరికి వినోద్ బండికి పగ్గాలు వదిలేసి దిగాడు. మొదటిసారి సుభాష్ వాడికన్నా వెనకబడ్డాడు. రెండోసారీ వెనకే. "ఏం బ్రేకులు పెట్టించాన్రా నీకు!" అని వీపు మీద చరిచి నవ్వాడు. నవ్వు నవ్వులాగే ఉంది అప్పటికి.

సంక్రాంతి వెళ్ళాక హైదరాబాదు నుంచి ఒక సైకిళ్ళ కంపెనీవాళ్ళు వచ్చి, అదే కొండ మీద పోటీ పెడతామన్నారు. గెలిచినవాణ్ణి హిమాచల్ కొండల్లో ఏడాది శిక్షణకి తీసుకెళ్తారు. తిండి, బస, జీతం, బండి అన్నీ వాళ్ళవే. ఆపైన దేశంలో ఎక్కడ పోటీ జరిగినా వాళ్ళ తరఫున దిగొచ్చు. ఇక్కణ్ణించి ఒక్కణ్ణే తీసుకుంటారు. ఇరవై అయిదు దాటితే పనికిరారు. వినోద్‌కి వచ్చే ఎండల్లో ఇరవై అయిదు నిండుతాయి. సుభాష్‌దీ అదే వయసు. ఇద్దరికీ ఇదే మొదలు, ఇదే చివర. తేడా ఒక్కటే. ఓడిపోతే సుభాష్‌కి ల్యాప్‌టాపు ఉంది, తోట ఉంది. వినోద్‌కి జంక్షన్‌లో నల్లటి ఆయిలు గుడ్డ ఉంది.

"నువ్వో నేనో, ఎవరైతే ఏంట్రా? మనోడే కదా వెళ్ళేది," అన్నాడు సుభాష్. వినోద్ ఆ మాట నమ్మాడు. ఎందుకు నమ్మడూ? బండి ఇచ్చినవాడు, బ్రేకులు బిగించినవాడు!

పోటీ రోజు పొద్దున్నే కొండ కింద తోటలన్నీ పూతమీద ఉన్నాయి, మందు కొట్టిన వాసన పైదాకా కొడుతోంది. కంపెనీ తరఫున వచ్చిన శ్యామ్ సుందర్ అనే పెద్దమనిషి అందరి బండ్లూ చూసుకుంటూ వచ్చి, వినోద్ బండి లివరు నొక్కి, "ఎవరు సెట్ చేశారు?" అని అడిగాడు. "మేమిద్దరమేనండీ," అన్నాడు వినోద్, సుభాష్ వైపు చూపిస్తూ. ఆయన తలాడించాడు. ముందురోజు ప్రాక్టీసులో అందరికన్నా ముందు వచ్చింది వినోదే. వెనకాల సుభాష్. ఆ తర్వాత ఎవరూ లేరన్నట్టే లెక్క.

బయల్దేరే గేటు దగ్గర వరసలో నిలబెట్టారు. వినోద్ ముందు, వాడి వెనకే సుభాష్. అప్పుడొచ్చింది తులసమ్మగారు, సుభాష్ వాళ్ళమ్మ. కారు పోయినంతవరకు పోయి, మిగతాది ఆయాసపడుతూ నడిచి, చేతిలో పళ్ళెం, కొబ్బరికాయ, నిమ్మకాయలతో. కొత్త ట్రాక్టరొచ్చినా, నీళ్ళ మోటారు దింపినా పూజ చెయ్యకుండా పని మొదలుపెట్టనివ్వదు ఆవిడ. ఇక కొడుకు కొండ మీంచి దూకుతుంటే ఊరుకుంటుందా? కంపెనీ కుర్రాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు తీసుకున్నారు. వినోద్ అప్పటికే హెల్మెట్ పెట్టేసుకున్నాడు, కళ్ళు గేటు మీదే ఉన్నాయి. వాడి బండి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది ఆవిడ. తర్వాత వెనక చక్రం దగ్గరికి వెళ్ళి ఏదో మంత్రం గొణుక్కుంటూ కాసేపు అక్కడే వంగి ఉంది. సొంత కొడుకు కంటే ముందు వినోద్ బండి దగ్గర వంగిందావిడ. హెల్మెట్ లోపల వినోద్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఈల మోగింది.

మొదటి మలుపులు చిన్నవి, ముందు బ్రేకే సరిపోయింది. మూడో మలుపు దగ్గర కొండ ఒక్కసారిగా తెగి కిందికి పోతుంది. అక్కడ వెనక చక్రాన్ని పట్టి ఉంచి, ముందుదాన్ని కొంచెం కొంచెంగా వదలాలి. వినోద్ వెనక లివరు నొక్కాడు. లివరు గట్టిగానే ఉంది. చక్రం మాత్రం ఆగలేదు. పీకమీద కత్తి పెట్టిన మేకలా కీచుమంది, అంతే. ఇంకా నొక్కాడు. జారిపోతోంది. ఏం జరుగుతోందో బుర్రకి అందేలోపు రాళ్ళ గుట్ట ఎదురుగా వచ్చింది. ఇక గతిలేక ముందు బ్రేకు బిగబట్టాడు. గులకరాళ్ళలో ముందు చక్రం బిగుసుకుపోయింది, బండి వాడి మీదుగా తిరగబడింది.

కుడి మణికట్టు, భుజం దగ్గర ఎముక రెండూ విరిగాయి. విజయవాడ ఆసుపత్రిలో ఆపరేషను చేసి లోపల ప్లేటు వేశారు. సుభాష్ గెలిచాడు.

గెలిచిన సాయంత్రమే ఆసుపత్రికి వచ్చాడు సుభాష్. కుర్చీ లాక్కుని కూర్చుని, నేల చూస్తూ, "ఆ లోహపు ప్యాడ్లేరా. చెప్పానుగా, మెత్తవి వేసుకోమని. వేడెక్కకముందు పట్టవు అవి," అన్నాడు. శ్యామ్ సుందర్ కూడా పోతూపోతూ అదే మాట అన్నాడట. కుర్రాడికి చేతనవుతుంది గానీ, బ్రేకులు ఎంచుకోవడం దగ్గరే పొరపాటు పడ్డాడని. సుభాష్ ఆ మాటా మోసుకొచ్చి చెప్పాడు.

వినోద్ నమ్మాడు. మంచం మీద పడుకుని రోజులు రోజులు ఆ ప్యాడ్లనే తలుచుకున్నాడు. ఎందుకు పట్టుబట్టాను? అరగదియ్యడంలో తేడా చేశానా? బండిని చూద్దామంటే చూడ్డానికేముంది? ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చిన బండి మట్టికొట్టుకుపోయి ఉందని బుచ్చయ్య సర్ఫు నీళ్ళతో శుభ్రంగా కడిగిపెట్టాడు. కొడుకు వస్తువు మురికిగా ఉంటే చూడలేకపోయాడు పాపం. కట్టు విప్పాక చూస్తే చూపుడువేలు, మధ్యవేలు సగం వరకే మూసుకుంటున్నాయి. బ్రేకు లివరు పట్టే వేళ్ళవి. వస్తాయిలే, టైము పడుతుంది అన్నాడు డాక్టరు. ఎంత టైమో చెప్పలేదు. షాపులో వాడి చోటు ఇంకొకడికి ఇచ్చేశారు. "చెబితే విన్నావా?" అని అచ్చమ్మ రోజూ ఏడ్చేది, ఏడుస్తూనే అన్నం కలిపి పెట్టేది.

పిందెలు కట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం తులసమ్మగారు వాళ్ళింటికొచ్చింది. పళ్ళు, హార్లిక్సు సీసా తెచ్చింది. అచ్చమ్మ వేసిన కుర్చీలో కూర్చుని, వినోద్ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని నిమిరింది.

"నా తండ్రే! ఆ రోజు నీ బండికి పూసాను గనక ఇంతటితో పోయింది. లేకపోతే ఏమయ్యేదో, తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులాడవు."

"ఏం పూశారండీ?"

"స్వామి సింధూరంరా. పొద్దున్నే ఆంజనేయస్వామి గుడికెళ్ళి తెచ్చాను. పొడిగా ఉంటే గాలికి రాలిపోద్దని నువ్వుల నూనెతో బాగా తడిపాను. నీకు బొట్టు పెడదామంటే ఆ తలకాయంత టోపీ పెట్టేసుకున్నావాయె. అందుకని వెనక చక్రానికి మెరుస్తూ పళ్ళెంలా ఉంటుందే, దాని నిండా పూశాను. బండిని ఆపేది అదేనని సుభాష్ చెబుతుంటాడుగా."

"రెండు పక్కలా పూశారా అండీ?" అన్నాడు వినోద్.

"ఆఁ, రెండు పక్కలా. ఒక పక్క పూసి వదిలేస్తే ఏం బాగుంటుంది?"

"సుభాష్ బాబు బండికో?"

"వాడా! వాడొట్టి మొండివెధవ. వాడి చక్రం పళ్ళెం మీదికి చెయ్యి పోనిచ్చానో లేదో, 'అమ్మా, దాని మీద వద్దు' అని చెయ్యి పట్టేసుకున్నాడు. హ్యాండిలు మీద పెట్టమన్నాడు. వినోద్ దానికి పెట్టానుగా అంటే, 'అది సరేలే' అన్నాడు. నాకు భయమేసింది, వీడికేమవుద్దోనని. స్వామి దయ, వాడికేం కాలేదు."

"అప్పటికి నేను బయల్దేరానా అండీ?"

"లేదు, గేటు దగ్గరే ఉన్నావు. నేను పక్కకొచ్చి నిలబడ్డాకేగా ఈల వేసింది."

ఆవిడ ఇంకా ఏవేవో చెబుతోంది. వినోద్‌కి వినపడలేదు. అది సరేలే. సుభాష్ నోరు తెరిచి "ఒరేయ్ ఆగు" అంటే సరిపోయేది. చెయ్యి చాచితే భుజం అందేది. చేతి జిడ్డు తగిలితేనే టక్కున కొట్టినవాడు, నూనె పూసిన డిస్కు చూస్తూ అది సరేలే అన్నాడు. పైగా ఆసుపత్రికొచ్చి, ప్యాడ్లు నువ్వే తప్పు ఎంచుకున్నావన్నాడు! "అమ్మగారూ, నన్ను పడేసింది మీ సింధూరమే," అందామనుకున్నాడు వినోద్. నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ వంకర తిరిగిన ఆ వేళ్ళని నిమురుతూనే ఉంది. కన్నకొడుకు కంటే ముందు తన బండికి పూసిన మనిషి. ఈ మాట వింటే బతుకుతుందా? మింగేశాడు.

ఆవిడ లేస్తూ అసలు పని చెప్పింది. "సుభాష్ ఎల్లుండి హిమాచల్ పోతున్నాడు. బండి విప్పి పెట్టెలో పెట్టాలట, ఆయిలూ అదీ మార్చాలట. ఎవర్నో జంక్షన్ నుంచి పిలుస్తానన్నాడు, నేనే వద్దన్నాను. నీ చెయ్యి పడితేనే నాకు ధైర్యం. ఓపికుంటే రేపొకసారి రారా."

"వస్తానండీ," అన్నాడు వినోద్. వాళ్ళ తోటలో కాపలా కాసే తండ్రి గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, రానని ఎలా అంటాడు?

మర్నాడు షెడ్డులో సుభాష్ ఒక్కడే ఉన్నాడు. వినోద్‌ని చూడగానే మొహంలో రంగు మారింది. "అమ్మ పిలిచిందా? నేను వద్దన్నానే," అన్నాడు. వినోద్ బండిని స్టాండుకెక్కించాడు. పాత ఆయిలు తీశాడు, సిరంజితో కొత్తది ఎక్కించాడు. చచ్చిన వేళ్ళతో ఆ పని ఒక పూట పట్టింది. లివరు నొక్కి పట్టుకోవడానికి సుభాష్ ముందుకొస్తే, "అక్కర్లేదు," అని తాడు చుట్టి బిగించాడు. బ్రేకు బిగించే బోల్టులు చేతిలో ఉన్నాయి. ఒక్కటి సగం తిప్పి వదిలేస్తే ఎవడికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పడం అబద్ధం. వచ్చినంతసేపు తియ్యగా కూడా ఉంది. ఆ తర్వాత రోత పుట్టింది. ఎంత బిగించాలో అంత బిగించాడు. ప్రతిదీ.

"నువ్వు చూశావు కదరా," అన్నాడు తల ఎత్తకుండా.

సుభాష్ అర్థం కానట్టు నటించబోయాడు, చేతకాలేదు. "అమ్మ పెడుతుంటే ఎట్లా వద్దంటాను? అదీ స్వామి సింధూరం."

"నీ బండికి వద్దన్నావుగా."

షెడ్డు రేకుల మీద ఎండ చిటపటమంటోంది. సుభాష్ గోడకి ఆనుకుని, "ఆ క్షణంలో నోరు రాలేదురా. నిజంగా రాలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకి చెప్పావా?" అని అడిగాడు.

అదీ వాడి భయం! విరిగిన చెయ్యి కాదు, పోయిన చోటు కాదు. అమ్మకి చెప్పావా అని. వినోద్‌కి వాణ్ణి కొట్టాలనిపించింది. కొడితే తన చెయ్యే నొప్పెడుతుంది.

"చెప్పలేదు. చెప్పను కూడా. నీ కోసం కాదు," అన్నాడు. డిస్కులు రెండూ స్పిరిట్‌తో తుడిచి, చక్రాలు విప్పి, దెబ్బ తగలకుండా అట్టముక్కలు అడ్డం పెట్టి, పెట్టెలో సర్దాడు. సామాను ఎక్కడివక్కడ పెట్టి బయటికొచ్చాడు.

పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ వెనక్కి చూశాడు. సుభాష్ మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరిచాడు. వెనక చక్రం బయటికి తీశాడు. తెల్లగుడ్డకి స్పిరిట్ పోసి డిస్కు రెండు పక్కలా రుద్ది, గుడ్డని వెలుతురుకి పట్టుకుని మరకేమన్నా ఉందేమోనని చూసుకున్నాడు. తర్వాత కీ తీసుకుని వినోద్ బిగించిన బోల్టులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూడ్డం మొదలుపెట్టాడు.

వినోద్ తడిచేతులతో అట్లాగే నిలబడిపోయాడు. పడ్డప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు.

తులసమ్మగారు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. "అయిపోయిందా నాయనా? అంతా సరిగ్గా ఉందా?"

"ఉందండీ. మీ అబ్బాయి మళ్ళీ ఒకసారి చూసుకుంటున్నాడు."

"చూసుకోనీ. వాడికి జాగ్రత్త ఎక్కువ," అంది ఆవిడ మురిసిపోతూ.